పద్నాలుగు ఆది ప్యాంట్లు

ఒక రోజు పొద్దున పదిన్నరకు, వీధిలో షాపులన్నీ తెరిచి జనం ఒత్తుగా ఉన్న వేళ, ప్రింటింగ్ ప్రెస్సు ఫోర్మన్ ట్రాలీ మీద ఒక గోనెసంచి తెచ్చి అంగుళం అక్క కుట్టుకొట్టు గుమ్మంలో కుమ్మరించాడు. అందులోంచి పద్నాలుగు నీలం ప్యాంట్లు బయటపడ్డాయి. నాలుగు రోజుల కిందట అక్క వాటిని ఇస్త్రీ చేసి, మడత నలగకుండా మధ్యలో కాగితాలు పెట్టి పంపింది. ఇప్పుడవి తడిగుడ్డలు పిండి పారేసినట్టు మెలికలు తిరిగి ఉన్నాయి.

ఫోర్మన్‌ది మామూలుగానే పెద్ద గొంతు. పాతికేళ్లుగా అచ్చుయంత్రాల రొదలో మాట్లాడి మాట్లాడి ఆయన మెల్లగా పలకడమే మరిచిపోయాడు. ఆ రోజు దాన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు. ఒక్క ప్యాంటు కూడా ఒక్క మనిషికి పట్టలేదనీ, గుండీకీ కాజాకీ మధ్య నాలుగు వేళ్లు దూరుతున్నాయనీ, మనిషికింత అని కొలిచి ఇచ్చిన గుడ్డ నడుం దగ్గరికొచ్చేసరికి ఎటు పోయిందో చెప్పమనీ అడిగాడు. పక్క చెప్పుల కొట్టాయన సుత్తి ఆపి చూశాడు. ఎదురు మందుల షాపులో ఉన్నవాళ్లు మెట్ల మీదికొచ్చారు.

"ఒకరిదైతే పొరపాటనుకుంటాం. పద్నాలుగు మందివీ పొరపాటు కావమ్మా. దాన్ని దొంగతనం అంటారు," అన్నాడు ఫోర్మన్.

సంచి తెచ్చిన ట్రాలీ చాటున అక్క సొంత తమ్ముడు వంగి ఉన్నాడు. అతను అదే ప్రెస్సులో మిషన్ మీద పనిచేస్తాడు. ట్రాలీ టైరులో గాలి ఉందో లేదో బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు.

అక్క కిందపడ్డ ప్యాంట్లు ఒక్కొక్కటే దులిపి లోపల పెట్టుకుంది. ఆమె నోట మాట రాకపోవడం ఆ వీధి అంతకుముందెప్పుడూ చూడలేదు. చూడనిది చూశారు కనుక, తప్పు ఆమెదే అయి ఉంటుందని సాయంత్రానికల్లా సగం వీధి తేల్చేసింది. పనిచేసుకు బతికేవాళ్ల మీద దొంగ ముద్ర వెయ్యడానికి సాక్ష్యం అక్కర్లేదు, గొంతుంటే చాలు.

అంగుళం అక్కకు యాభై దాటాయి. ముప్ఫై ఏళ్లుగా అదే కొట్టు. మూడడుగుల బల్ల, రెండు మిషన్లు, గోడకు కొట్టిన చెక్క అరలు, కత్తెర తగిలించే మేకు. ఎవరైనా "ఓ అంగుళం అటూ ఇటూ అయితే ఏమైందిలే అక్కా" అన్నారో, "నీ ముక్కు ఓ అంగుళం ఇటు జరిపి అద్దంలో చూసుకో, అప్పుడు మాట్లాడదాం" అనేది. అందుకే ఆ పేరు. నవ్వు ఆమె పెదాల చివర్లో గుండుసూదుల పక్కనే ఉండేది. సూదులు నోట్లో పెట్టుకునే తిట్టేది, నవ్వేది, పాత పాటలు కూనిరాగం తీసేది.

మిగిలిన గుడ్డ విషయంలో మాత్రం ఆమెకు హాస్యం లేదు. కత్తిరించాక పడిన ముక్కలన్నీ, పీలికలతో సహా, చిన్న మూట కట్టి బట్టతోపాటే ఇచ్చేసేది. ప్రెస్సు వాళ్లకూ అలాగే మూట పంపింది. ఆ మూటే ఆమె మీదికి ఎదురు తిరిగింది. ఇచ్చిందే ఇంతుంటే ఉంచుకున్నది ఎంతుండాలి అని ఫోర్మన్ దాన్ని నలుగురికీ చూపించాడు.

ఆ శుక్రవారం మూలమీది బడి నుంచి కబురొచ్చింది. పంతొమ్మిదేళ్లుగా ఆ పిల్లల యూనిఫారాలు కుట్టేది అక్కే. ఈసారి ఎవరికివ్వాలో ఇంకా ఆలోచిస్తున్నామని పెద్ద టీచరమ్మ చెప్పి పంపింది. మర్యాదగానే చెప్పింది. ఆ మర్యాదే అక్కకు ఎక్కువ గుచ్చుకుంది. పని పోతే ఇంకో పని వెతుక్కోవచ్చు. గుడ్డ దొంగ అన్న పేరు ఒకసారి పడితే, ఇక ఏ కొత్త మనిషీ ఆ గుమ్మంలో గుడ్డ విప్పడు.

ఆ రాత్రి అన్నం కెలుకుతూ కూర్చుంటే ఆమె భర్త అడిగాడు, కత్తిరింపులోనే ఏమైనా తేడా వచ్చిందేమోనని. ఆయన ఒక క్లినిక్కులో కాంపౌండరు. మాట పొదుపు మనిషి. అక్క కొలతల పుస్తకం తెచ్చి ఆయన ముందు పడేసింది. ఆది ఎంతుందో కుట్టిందీ అంతే ఉంది. పద్నాలుగింటికీ అంతే.

ఆది అంటే, కొలత కోసం ఇచ్చే పాత బట్ట. అక్క మగవాళ్లకు టేపు పెట్టదు. సిగ్గనుకునేవారు కొందరు. అది కాదు సంగతి. టేపు తగలగానే మగవాడు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటాడనీ, ప్యాంటుకు ఆ విద్య రాదనీ ఆమె సిద్ధాంతం. అందుకని ఒంటికి సరిపోయే పాత ప్యాంటు ఒకటి తెమ్మనేది. దాన్ని బల్ల మీద పరిచి కొలిచేది. కొత్తది తొడిగి చూసి బాగుందనేదాకా ఆదిని వాపసిచ్చేది కాదు.

ప్రెస్సు పెట్టి పాతికేళ్లయిన సందర్భానికి యజమాని అందరికీ ఒకే రంగు ప్యాంట్లు కుట్టించి, మిషన్ ముందు వరసగా నిలబెట్టి ఫోటో తీయించాలనుకున్నాడు. పద్నాలుగు ఆది ప్యాంట్లూ ఒకే మూటలో వచ్చాయి, ఒక్కోదానికీ పేరు రాసిన చీటీ గుచ్చి. ఇంతే జరిగింది. ఇందులో తప్పు ఎక్కడ దూరిందో అక్కకు అంతుపట్టలేదు.

పదకొండు రోజులు గడిచాయి. పన్నెండో రోజు మధ్యాహ్నం పని లేక అరలు దులుపుతుంటే పై అరలో ఆ మూట చేతికి తగిలింది. ఆది ప్యాంట్లు. పద్నాలుగూ అక్కడే ఉన్నాయి.

అక్క దులపడం ఆపేసింది. ఆది ఇచ్చిన మగవాడెవడూ నాలుగు రోజులు ఊరుకోడు. ఉన్న మూడు ప్యాంట్లలో ఒకటి దర్జీ దగ్గర చిక్కుకుంటే, వచ్చి ప్రాణం తీస్తాడు. మరి పద్నాలుగు మంది, దొంగ అని తిట్టి పోయినవాళ్లు, పదిహేను రోజులుగా తమ ప్యాంట్లు అడగకపోవడమేమిటి? వాటితో వాళ్లకు పనే లేదన్నమాట. వేసుకునే ప్యాంట్లు కావన్నమాట.

మూట కిందికి దించి విప్పింది. ఒక దాన్నుంచి కలరా ఉండల వాసన గుప్పుమంది. ఇంకోదాని జేబులో అక్షరాలు చెరిగిపోయిన బస్సు టికెట్టు దొరికింది. మరొకదాని మోకాళ్ల దగ్గర ఉన్న వెడల్పు ఫ్యాషన్ పోయి ఎనిమిదేళ్లు. చిట్టచివర తమ్ముడిది. దాన్ని మూట వచ్చిన రోజే గుర్తుపట్టింది. అతని పెళ్లికి తనే కుట్టింది మరి. తమ్ముణ్ణి చూసి చాలా నెలలైంది కనుక అప్పుడు ఆమెకు తట్టింది ఒక్కటే: వీడు ఒళ్లు తగ్గి మళ్లీ పెళ్లినాటి ప్యాంటులోకి వచ్చాడు, బాగుపడ్డాడు అని. ఆ సంతోషంలో ఇంకేమీ ఆలోచించలేదు. తన తప్పు ఏదైనా ఉంటే అదే.

అక్క కొట్టుకు తాళం వేసి నేరుగా తమ్ముడింటికి వెళ్లింది. తమ్ముడు పనిలో ఉన్నాడు. మరదలు పెరట్లో బట్టలు ఆరేస్తోంది. మీ ఆయన ఈమధ్య ఒళ్లు తగ్గాడా అని అడిగింది అక్క. మరదలు చేతిలో బట్ట అలాగే పట్టుకుని, "ఎవరు వదినా, ఈయనా?" అంది. మొన్న చెప్పు కాలికి తొడగడానికి వంగితే చొక్కా గుండీ ఊడి కుక్క మీద పడిందని చెప్పింది.

అసలు కథ తీగ లాగినట్టు అప్పుడు బయటపడింది. రెండేళ్లుగా ప్రెస్సులో ఒక బీరు కంపెనీకి లేబుళ్లు అచ్చేస్తున్నారు. ఆకుపచ్చ లేబులు, మధ్యలో పరుగెత్తే మనిషి బొమ్మ, కింద 'చక్కెర సున్నా, డైట్ బీరు, తేలిక జీవితం' అని. లేబుళ్లు వెళ్లినప్పుడల్లా కంపెనీ నుంచి రెండు పెట్టెల సీసాలు బహుమతిగా వచ్చేవి. అంతకుముందు తమ్ముడు శనివారం ఒక్క సీసా తాగేవాడు. అదీ తప్పు చేస్తున్నవాడిలా గుటక గుటకకూ మరదలి మొహం చూసుకుంటూ. డైట్ సీసా వచ్చాక ఆ భయం పోయింది. రోజూ రెండు. దాంతోపాటు పొట్లం వేయించిన పల్లీలు, చిప్సు. ఇదేమిటని అడిగితే, ఇది ఆరోగ్యానికి మంచిదే, లేబులు చదువు అనేవాడు. ఆ లేబులు అచ్చేసింది అతనే.

మిగతావాళ్లదీ దాదాపు అదే కథ. తప్పులు దిద్దే పని ఫోర్మన్‌ది కనుక ఆ అక్షరాలను ఆయన వందసార్లు చదివాడు. వందసార్లు చదివింది ఎవడికైనా నిజమే అనిపిస్తుంది. ప్రపంచంలో ఎవరు నమ్మినా నమ్మకపోయినా, తాము అచ్చేసిన ముక్కను ముందుగా తామే నమ్మారు. నమ్మి తాగారు. తాగి, ఎలాగూ సన్నబడుతున్నాం కదా అని, ఫోటో ప్యాంటుకు ఆది తెమ్మంటే పెట్టె అడుగున ఉన్న మంచిరోజుల ప్యాంటు తీసి పంపారు.

"ఇంట్లో నేను అన్నాను వదినా, ఇది నీకు మోకాళ్లు దాటదని. కుట్టేలోగా తగ్గిపోతాలే అన్నాడు," అంది మరదలు. ఆ తరవాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, బకెట్టు పక్కనే కూలబడి కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. పన్నెండు రోజుల తరవాత అక్క నవ్వడం అదే మొదలు.

ఇంటికొచ్చి భర్తను అడిగింది, ఆ సీసా నిజంగా మంచిదేనా అని. కాంపౌండరు చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, ఆలోచించి చెప్పాడు. లేబులులో అబద్ధం లేదట. చక్కెర తీసిన మాట నిజమే. ఒక సీసాకు ఒక సీసా పక్కన పెట్టి చూస్తే అది కాస్త తేలికే. కానీ గ్రాము చక్కెర ఒంటికి నాలుగు పాళ్లు బలమిస్తే, గ్రాము ఆల్కహాలు ఏడు పాళ్లిస్తుంది. ఒళ్లు పెంచేదాన్ని చాలావరకు సీసాలోనే ఉంచి, పక్కనున్న చిన్నదాన్ని తీసేశారు.

"మరి లివరు సంగతో?"

"దానికి చదువు రాదుగా. లేబులు మీద ఏం రాసినా దానికి ఒకటే పని," అన్నాడాయన.

ఆయన ఒకేసారి అన్ని మాటలాడటం పెళ్లయ్యాక అది మూడోసారో నాలుగోసారో.

మర్నాడు భోజనాల వేళకు అక్క ఆది ప్యాంట్ల మూట భుజాన వేసుకుని ప్రెస్సుకు వెళ్లింది. వెనకాలే మరదలు కొలతల పుస్తకం పట్టుకుని వచ్చింది. పిలవకపోయినా వచ్చింది, ఇలాంటిది వదులుకునే మనిషి కాదు. మిషన్లు ఆగి ఉన్నాయి. సిరా వాసన. కాగితం చుట్టల మధ్య కూర్చుని పద్నాలుగు మందీ క్యారేజీలు సర్దుకుంటున్నారు. ఫోర్మన్ లేచి మళ్లీ గొంతెత్తబోయాడు. అక్క ఆయనతో ఏమీ వాదించలేదు. తాను గుడ్డ దొంగిలించి ఉంటే నష్టపరిహారం కట్టేసి కొట్టు మూసుకుంటానని చెప్పింది. దానికి ముందు ఒక్క చిన్న కోరిక అంది. "మీ మీ ఆది ప్యాంట్లు మీరు తొడుక్కుని చూపించండి. కాగితం గోదాములోకెళ్లి తొడుక్కురండి. మేం ఇటు తిరిగి నిలబడతాం."

ఎవరూ కదల్లేదు. పద్నాలుగు జతల కళ్లు నేల చూశాయి. ఆ మౌనంలో అక్కకు మిగతా సగం అర్థమైంది. ఇందులో కుట్ర ఏమీ లేదు. ప్రతివాడూ తానొక్కడే పాత ప్యాంటు పంపాననుకున్నాడు. తనది బిగుతైనప్పుడు గుండెలో కలుక్కుమంది. కానీ చుట్టూ చూస్తే మిగతా పదమూడు మందివీ బిగుతే. వాళ్లంతా నిజాయితీగా ఇచ్చి ఉంటారు కనుక తప్పు దర్జీదే అయి ఉండాలి. తనది కూడా ఆ లెక్కలోనే పోయి ఉంటుంది. హమ్మయ్య. ఒక్కడి అబద్ధాన్ని పదమూడు మంది మీద విశ్వాసం కప్పేసింది. అలా ఒక్కొక్కరికీ.

ముందుగా తమ్ముడే లేచాడు. అక్క మొహం చూడకుండా మూటలోంచి తన పెళ్లి ప్యాంటు లాక్కుని గోదాములోకి వెళ్లాడు. లోపల్నుంచి గుంజుకుంటున్న చప్పుడు, గోడకు ఏదో తగిలిన చప్పుడు, తరవాత నిశ్శబ్దం. చివరికి ఒక కాగితం చుట్ట చాటున నిలబడి తల ఒక్కటే బయట పెట్టాడు.

"అక్కా, తొడ దగ్గర ఆగిపోయింది. పైకీ రావట్లేదు, కిందికీ పోవట్లేదు."

మరదలు పుస్తకంతో మొహం కప్పుకుంది. మొదట ఎవరో ముక్కుతో నవ్వారు. బైండింగు చేసే ముసలాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఆ దగ్గుకు కట్ట తెగింది. ఒకడి తరవాత ఒకడు లేచి, నీది చూద్దాం నాది చూద్దామని తమ ప్యాంట్లు లాక్కున్నారు. గోదాములో నుంచి మూలుగులు, పరాచికాలు. ఊపిరి బిగబట్టరా అని ఒకడంటే, ముప్పావుగంటగా బిగబట్టే ఉన్నానని ఇంకొకడు. తొడిగిన పదమూడింటిలో ఒక్కటంటే ఒక్కటే గుండీ పడింది. అది బైండింగు ముసలాయనది. ఆయన సీసా ముట్టడు. కానీ ఆయనకిచ్చిన కొత్త ప్యాంటును కూడా, అందరివీ పట్టలేదు కదా అని, తొడిగి చూడకుండానే ఫోర్మన్ సంచిలో వేసేశాడు. సంచి కదిలాక చెప్పబోతే తన మాట ఎవరు విన్నారని, ఆది అడగడానికి రావాలన్నా మొహం చెల్లలేదని ముసలాయన సాగదీశాడు.

ఫోర్మన్ ఒక్కడే ప్యాంటు ముట్టలేదు. ఆయనది ఎవరికీ అక్కర్లేకపోయింది కూడా. ఆయన పొట్ట బల్ల అంచు మీద కూర్చుని ఉంది. కాసేపటికి అక్క దగ్గరకొచ్చి, మొట్టమొదటిసారి మెల్లగా మాట్లాడాడు. పొరపాటైందమ్మా అన్నాడు.

అక్క వినబడలేదన్నట్టు చెవి దగ్గరికి తెచ్చింది. మళ్లీ అన్నాడు.

"నాకు వినబడింది అన్నయ్యగారూ," అంది అక్క. "కానీ నన్ను దొంగ అన్నది ఇక్కడ కాదు కదా. వీధిలో అన్నారు, పొద్దున పదిన్నరకు, అందరూ ఉన్నప్పుడు. ఈ మాట కూడా అక్కడికే వచ్చి, ఆ గొంతుతోనే చెప్పండి. టీ నేను పోస్తాను."

ఆయన మొహంలో రంగులు మారాయి. అహంకారం మింగుడు పడటానికి కొంత టైము పట్టింది. కానీ ఆయన చెడ్డవాడు కాదు, గొంతు పెద్దదైన మామూలు మనిషి. మర్నాడు పదిన్నరకు వచ్చాడు. కొట్టు ముందు నిలబడి, చెప్పుల కొట్టాయన సుత్తి ఆపేదాకా ఆగి, మూడు వీధుల అవతలికి వినబడేలా చెప్పాడు. గుడ్డ ఎక్కడికీ పోలేదనీ, అంతా తమ నడుముల్లోనే ఉందనీ. మందుల షాపు మెట్ల మీద చప్పట్లు కొట్టారు. అక్క టీ గ్లాసు అందిస్తూ కొంగుతో కళ్లొత్తుకుంది. ఇస్త్రీ పెట్టె వేడి కళ్లకు కొడుతోందని చెప్పింది. ఇస్త్రీ పెట్టె అప్పటికింకా వెలిగించలేదు.

ఆ వారంలోనే పెద్ద టీచరమ్మ తానే స్వయంగా కొట్టుకొచ్చి యూనిఫారం గుడ్డ చూపించింది. ప్యాంట్లకూ దారి దొరికింది. అక్క ఎప్పుడూ వెనక కుట్టులో రెండంగుళాలు లోపల వదులుతుంది. అది విప్పితే కొందరికి సరిపోయాయి. మిగతా వాళ్లకు వెనక పట్టీ వెయ్యాల్సొచ్చింది. ఆ పట్టీలకు గుడ్డ ఎక్కడిదంటే, దొంగతనానికి రుజువుగా ఫోర్మన్ తన బల్ల మీద దాచిన ముక్కల మూటే. తమ్ముడు ఆదివారమంతా అక్క కొట్టులో కూర్చుని పదమూడు ప్యాంట్ల కుట్లు తనే విప్పాడు. వెళ్లేటప్పుడు, "ఆ రోజు టైరులో గాలి సరిగ్గానే ఉందక్కా," అన్నాడు. ఆమె అతని నెత్తి మీద స్కేలుతో ఒకటి మెల్లగా వేసింది. ఆ విషయం అంతటితో సరి. ఫోటోలో పద్నాలుగు మందీ నిండుగా ఊపిరి పీల్చుకుని నవ్వుతున్నారు. వెనక పట్టీలు ఫోటోలో కనబడవు.

అప్పట్నుంచి అక్క నియమం ఒకటి మార్చుకుంది. ఆది చేత్తో పట్టుకొస్తే తీసుకోదు. ఒంటి మీద వేసుకుని నడిచి రావాలి.

తరవాత ఏడాదికి ఫోర్మన్ పని విరమించి కూతురింటికి వెళ్లిపోయాడు. వెళ్లే ముందు రోజు ప్యాంటు గుడ్డ ఒకటి చంకలో పెట్టుకుని కొట్టుకొచ్చాడు. కొంచెం చిక్కాడు. ఆకుపచ్చ లేబులు సీసా మానేశాడట. మామూలుది, అదీ ఎప్పుడో ఒక శనివారం, ఒక్కటే. మంచిదని చెప్పి అమ్మితే ఎంత తాగామో లెక్కే తెలియదనీ, చెడ్డదని తెలిసి తాగితే రెండో సీసాకు చెయ్యి దానంతటదే ఆగిపోతోందనీ, ఈ వయసుకు ఇది తెలిసిందనీ చెప్పాడు. కాంపౌండరు అయితే ఆ ఒక్కటీ వద్దంటాడని అక్క అంటే, బావగారి మాట ఈసారి చెవిలో వేసుకుంటానన్నాడు. గుడ్డ బల్ల మీద పెట్టాడు. కొలిచి చూపించలేదు. ఎంతుందో కూడా చెప్పలేదు.

"మిగిలింది నువ్వే ఉంచుకో చెల్లెమ్మా," అన్నాడు.

అక్క గుడ్డ మడత విప్పి వెలుతురులో పట్టుకుని చూసి, పెదాల మధ్య నుంచి సూదులు తీసింది.

"వద్దన్నయ్యగారూ, ముక్క కూడా మీరే పట్టుకెళ్లి జాగ్రత్తగా దాచుకోండి. మీ మాట మీద నాకు నమ్మకం కుదిరింది గానీ, మీ నడుం మీద ఇంకా కుదరలేదు."